454 కోట్ల ఏళ్ళు: పిల్లలకి ఎలా తలకెక్కించాలి?

సునాబెడ అమ్మ · శనివారం రాత్రి 8:42

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలని పుస్తకంలో ఉంది. దాన్ని ఒక్క రోజుకి కుదించి, చివరి ఆరు సెకన్లలో మనిషి వచ్చాడని గడియారం బొమ్మ కూడా వేశారు. పరీక్షకి బట్టీ పట్టేసింది, మార్కులూ వచ్చాయి. కానీ మొన్న "అమ్మా, డైనోసార్లు పాతవా, మన దేవమాలి కొండ పాతదా?" అని అడిగితే నాకు నోరు పెగల్లేదు. అంటే ఆ గడియారం దానికీ ఎక్కలేదు, నాకూ ఎక్కలేదు. మన కోరాపుట్ వైపు కొండలూ రాళ్ళూ ఎరిగినవాళ్ళు ఇక్కడున్నారు కదా, ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి.

గుణుపురం గడుగ్గాయి · రాత్రి 8:55

454 పక్కన ఏడు సున్నాలు. అంతే కదండీ, అయిపోయింది. మా వీధిలో చీటీల లెక్కే సగంమందికి తెగదు, ఇదేటి తెగుతుంది?

రైలుకట్ట, జయపురం · రాత్రి 9:20

అమ్మా, నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. నాకు దూరంలో చెబితేనే ఏదైనా బుర్రకెక్కుతుంది. మన కేకే లైను, అంటే కొత్తవలస నుంచి కిరందుల్ దాకా, సుమారు 445 కిలోమీటర్లు. ఒక కిలోమీటరుకి ఒక కోటి ఏళ్ళు లెక్కేసుకోండి. భూమి పుట్టుక కిరందుల్‌కి ఇంకో తొమ్మిది కిలోమీటర్లు అవతల. ఈ రోజు కొత్తవలస ప్లాట్‌ఫారం. బండి కిందికి వస్తోందనుకోండి.

దంతెవాడ దాటి జగదల్‌పూర్ ఇంకా రాకుండానే, 350 కిలోమీటర్లు మిగిలి ఉండగా, సూక్ష్మజీవుల ఆనవాళ్ళు రాళ్ళలో కనిపిస్తాయి. ఆ తర్వాత ఎంతసేపు కిటికీలోంచి చూసినా చెట్టూ లేదు, పురుగూ లేదు. జగదల్‌పూర్ దాటి జయపురం వైపు వస్తుండగా, 240 కిలోమీటర్ల దగ్గర, గాలిలో ఆక్సిజన్ కాస్త చేరడం మొదలవుతుంది. కోరాపుట్ పోయింది, అరకు పోయింది, అప్పటికీ ఎముకున్న జంతువు ఒక్కటి లేదు. ఘాట్ సొరంగాల్లో దిగుతుండగా 54 కిలోమీటర్ల దగ్గర సముద్రంలో గుల్లల జంతువులు గుంపులుగా కనబడతాయి. శృంగవరపుకోట ప్రాంతానికి వచ్చేసరికి తాల్చేరు, సింగరేణి బొగ్గుగా మారిన అడవులు. డైనోసార్లు మొదలయ్యేది 23 దగ్గర, పోయేది 6.6 దగ్గర. మన జాతి మనిషి వచ్చేది ప్లాట్‌ఫారం మీద చివరి ముప్ఫై మీటర్లలో. గంజాం జిల్లా జౌగడలో అశోకుడు చెక్కించిన శాసనం ఇరవై మూడు సెంటీమీటర్ల వెనక. డెబ్భై ఏళ్ళ బతుకు ఏడు మిల్లీమీటర్లు.

ఈసారి వైజాగ్ వెళ్ళేటప్పుడు పిల్లని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. అన్నట్టు, ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేని ఆ మధ్య భాగంలో పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. భూమి చరిత్రలో ఎక్కువ భాగం అదే.

గుణుపురం గడుగ్గాయి · రాత్రి 9:31

లైను వేసింది 1960లలో కదా. అంటే లైను వయసు ఆ లైను మీదే ఆరు మిల్లీమీటర్లు. బాగుంది తాతగారూ, ఇది మా క్లబ్బులో చెబుతా.

కొండరాయి · రాత్రి 10:48

రైలుకట్ట గారి లెక్క చక్కగా ఉంది. ఆ లైనులో ఇంకో విశేషం కూడా ఉంది. కిరందుల్, బైలాడిల్లాలో తవ్వే ఇనుప ఖనిజం రెండు వందల కోట్ల ఏళ్ళు దాటిన రాయి. జయపురం పడమటి వైపు బస్తర్ పాత రాళ్ళు, తూర్పున మన తూర్పు కనుమల రాళ్ళు. సముద్రపు నీళ్ళలో కరిగి ఉన్న ఇనుము, సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్‌తో కలిసి తుప్పులా అడుక్కి దిగడం వల్లే అలాంటి ఖనిజాలు పొరలుపొరలుగా పేరుకున్నాయి. ఖనిజం గూడ్సు బళ్ళు రోజూ దిగుతుంటే చూస్తుంటాం కదా, అందులో వెళ్ళేది ఆ తుప్పే.

కానీ అమ్మాయి అడిగిన ప్రశ్న దీనికంటే లోతైనది. కుదిస్తే ఎవరికి ఏది ముందో, ఏది తర్వాతో తెలుస్తుంది. కాలం మాత్రం చిన్నదైపోతుంది. నాకైతే తిరగేసి చెప్పడమే పని చేసింది. కంటికి కనిపించే చిన్న పనిని తీసుకుని, అది ఆగకుండా జరిగితే ఏమవుతుందో గుణించి చూడమంటాను.

ముందు జవాబు. దేవమాలి రాయి డైనోసార్ల కంటే చాలా పాతది. దేవమాలి కొండ ఆకారం మాత్రం ఆ రాయంత పాతది కాదు. రాయి వయసు వేరు, కొండ వయసు వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే పిల్లలు తికమకపడతారు. పెద్దలూ అంతే.

రేపు ఇంటి చుట్టుపక్కల ఒక రాయి తీయండి. కోరాపుట్ కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైటు, చార్నొకైటు అనే రెండు రకాల రాళ్ళే. ఖొండలైటు పైన తుప్పు రంగులో, కాస్త పుచ్చినట్టు ఉంటుంది. సుత్తితో కొడితే లోపల ఎర్రటి చుక్కలు, మినప్పప్పంత ఒకటి, ఆవగింజంత ఒకటి. అవి గార్నెట్. ఎండలో తిప్పితే తెల్లటి సన్నని సూదులు ఒకే దిక్కుకి పడుకుని కనిపిస్తాయి, అది సిల్లిమనైటు. కొన్నిట్లో చేతికి మసి అంటించే నల్లటి పలుకులు, గ్రాఫైటు. ఈ రాయి మొదట సముద్రం అడుగున బురద. తర్వాత భూమిలోపల పాతికకు పైగా కిలోమీటర్ల లోతుకి పోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికితేనే ఇన్నేసి గార్నెట్లూ సూదులూ ఈ తీరున వస్తాయి. అది జరిగి సుమారు వంద కోట్ల ఏళ్ళు. మొదటి డైనోసారు పుట్టినప్పటికే ఆ రాయి డెబ్భై అయిదు కోట్ల ఏళ్ళు దాటినది.

ఇప్పుడు అసలు సంగతి. పాతిక కిలోమీటర్ల లోతున ఉడికిన రాయి మీ పెరట్లో ఎలా ఉంది? దాని మీదున్న పాతిక కిలోమీటర్లూ పోయాయి కనక. వంద కోట్ల ఏళ్ళకి సమానంగా పంచితే ఏడాదికి మిల్లీమీటరులో నలభయ్యో వంతు. నలభై ఏళ్ళకి ఒక మిల్లీమీటరు. నిజంగా జరిగింది సమానంగా కాదు, కొన్ని కాలాల్లో తొందరగా పైకొచ్చింది, కొన్నిట్లో ఊరుకుంది. కానీ సగటు అంతే. వానాకాలంలో మన కొలాబ్ నది ఎర్రగా పారడం అమ్మాయి చూసే ఉంటుంది. ఆ ఎరుపే ఆ మిల్లీమీటరు.

సునాబెడ అమ్మ · ఆదివారం ఉదయం 7:05

పాతిక కిలోమీటర్ల కొండ పోవడం కంటే, నలభై ఏళ్ళకి ఒక మిల్లీమీటరు అన్నదే మా అమ్మాయికి పట్టుకుంది. అప్పుడే పిడికిలంత రాయి పట్టుకొచ్చింది, ఎర్ర చుక్కలున్నాయట. ఇల్లంతా రాయి పొడి.

దమన్‌జోడి డంపర్ · ఉదయం 9:10

నేను పంచపట్మాలి గని వైపు ఉద్యోగం. అక్కడ కొండ నెత్తి బల్లలా చదునుగా ఉంటుంది. ఆ చదును కింద అంతా బాక్సైటు. దాని కింద అదే ఖొండలైటు, కానీ మెత్తబడి తెల్లని మట్టిలా అయిపోయి ఉంటుంది. బ్లాస్టింగ్ అయ్యాక అంచు దగ్గర నిలబడితే పైన ఎర్ర బాక్సైటు, మధ్యన తెల్ల మట్టి, అడుగున గట్టి రాయి అన్నీ ఒకే గోడలో కనిపిస్తాయి. వాన నీళ్ళు రాయిలోని సిలికాని కరిగించుకుపోయి అల్యూమినియం, ఇనుము మిగల్చడానికి లక్షల, కోట్ల ఏళ్ళు పట్టిందని మాకు ట్రైనింగులో చెప్పారు. మేము ఒక షిఫ్టులో ఎత్తేస్తాం. ఇది తప్పనీ ఒప్పనీ అనట్లేదు, జీతం దాంతోనే. కానీ ఎప్పుడైనా రాత్రి షిఫ్టులో తట్టుతుంది.

నవరంగపూర్ తెలుగోడు · ఉదయం 10:02

ఇదంతా మన పెద్దలకి ముందే తెలుసండీ. బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల ఏళ్ళు. సైన్సు వాళ్ళు ఇప్పుడు 454 అంటున్నారు. ఇంకేం కావాలి?

గుణుపురం గడుగ్గాయి · ఉదయం 10:06

22 కోట్ల ఏళ్ళు తేడా ఎవరు కడతారు బాబూ?

పర్లాకిమిడి పంతులు · ఉదయం 11:40

హాస్యం తర్వాత. నేను రోజూ సంకల్పం చెప్పేవాణ్ణి, కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి. శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే ప్రథమ పాదే అంటాం. అంటే 432 కోట్ల ఏళ్ళ కల్పం పూర్తి కాలేదు, మనం దాని మధ్యలో ఉన్నాం. ఆరు మన్వంతరాలు గడిచాయి, ఏడోది నడుస్తోంది, అందులో ఇరవై ఏడు మహాయుగాలు పోయి ఇరవై ఎనిమిదోదిలో కలి. మన్వంతరాల నడుమ వచ్చే సంధికాలాలతో సహా కూడితే ఇప్పటికి గడిచింది 197 కోట్ల 29 లక్షల చిల్లర. 454 ఎక్కడ, 197 ఎక్కడ? మన శాస్త్రం లెక్కనే సరిగ్గా చేయకుండా దాన్ని సైన్సుకి అతికిస్తే రెండిటికీ మర్యాద కాదు నాయనా.

అయితే ఒకటి. కోట్ల సంవత్సరాలను తడబడకుండా రోజూ నోటితో అనే అలవాటు మనకుంది. పిల్లకి సంఖ్యంటే భయం పోవడానికి అది పనికొస్తుంది. వయసు తేల్చడానికి కాదు.

నవరంగపూర్ తెలుగోడు · మధ్యాహ్నం 12:15

పంతులుగారు చెప్పాక ఇంకేం అంటాను. కానీ ఆ 454 మాత్రం ఎలా వచ్చింది? కార్బన్ డేటింగా?

కొండరాయి · మధ్యాహ్నం 2:30

కాదు. కార్బన్-14 5,730 ఏళ్ళకోసారి సగమవుతుంది. యాభై వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. రాళ్ళకి వాడేది యురేనియం. దీనికి జిర్కాన్ అనే చిన్న స్ఫటికం కావాలి. అది కరిగిన రాయిలోంచి గడ్డకట్టేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో సీసం కనిపిస్తే అది తర్వాత యురేనియం మారగా వచ్చిందే. యురేనియం-238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్ళు, 235 సగం కావడానికి 70 కోట్ల ఏళ్ళు. ఒకే గింజలో రెండు లెక్కలు వేర్వేరు వేగాలతో నడుస్తాయి. రెండూ ఒకే వయసు చెబితే నమ్మొచ్చు. తేడా వస్తే ఆ గింజ మధ్యలో ఎక్కడో దెబ్బతిందని తెలిసిపోతుంది.

దూరం పోనక్కర్లేదు, మన ఒడిశాలోనే కెందుఝర్ జిల్లా చంపువా దగ్గరి రాయిలో 424 కోట్ల ఏళ్ళ దాకా వయసున్న జిర్కాన్లు దొరికాయని 2018లో పరిశోధకులు ప్రకటించారు. ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ గింజ ఇంకా పాతది, 440 కోట్లు. మొత్తం రాయిగా ఉన్నవాటిలో కెనడాలోని అకాస్తా నైస్ 403 కోట్లు. అంతకు ముందువి భూమి మీద దాదాపు మిగల్లేదు, కరిగి, విరిగి, మళ్ళీ మళ్ళీ మారిపోయాయి.

అందుకే భూమి వయసు భూమి రాళ్ళలో దొరకలేదు. 1956లో క్లేర్ ప్యాటర్సన్ అనే అమెరికన్, అరిజోనాలో పడిన ఉల్కలోని సీసాన్ని కొలిచి 455 కోట్లని తేల్చాడు. భూమీ ఉల్కలూ ఒకే మేఘంలోంచి పుట్టాయి కనక. ఆయనకి కొలతల్లో అడ్డం వచ్చింది బయటి గాల్లోని సీసమే. అది పెట్రోల్లోంచి వస్తోందని గ్రహించి, తర్వాత ఎన్నో ఏళ్ళు సీసం కలిపిన పెట్రోలు మీద పోరాడాడు. మన బంకుల్లో ఇప్పుడు సీసం లేని పెట్రోలు దొరకడం వెనక ఆ పోరాటం కూడా ఉంది.

రాయగడ మాస్టారు · సాయంత్రం 4:12

దీనికి ముందు భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ కథ చెప్పకపోతే పిల్లలకి రుచి తెలీదు. 1862లో ఆయన, భూమి కరిగిన గోళంలా మొదలై చల్లారుతోందనుకుని, రెండు కోట్ల నుంచి నలభై కోట్ల ఏళ్ళ మధ్య అన్నాడు. పోనుపోను ఇంకా తగ్గించి 1897కి రెండు నుంచి నాలుగు కోట్లకి దిగాడు. రాళ్ళు చదివినవాళ్ళకి అది అస్సలు చాలలేదు. ఇంత మట్టి కొట్టుకుపోవడానికీ ఇన్ని పొరలు పేరుకోవడానికీ ఆ కాలం ఏ మూలకి? కానీ ఎదురుగా ఉన్నది కెల్విన్, సూత్రాలతో సహా. నోరెత్తినవాళ్ళు తక్కువ.

లోపం ఎక్కడుందో 1895లో జాన్ పెర్రీ చెప్పాడు. ఆయన ఒకప్పుడు కెల్విన్ దగ్గరే సహాయకుడు. భూమి లోపల గట్టి దిమ్మలా ఉండి వేడి మెల్లగా బయటికి పాకడం లేదు, లోపలి పదార్థం నెమ్మదిగా కదులుతూ వేడిని పైకి తెస్తుంది, అలాగైతే వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందన్నాడు. కెల్విన్ ఒప్పుకోలేదు. సాధారణంగా పుస్తకాలు కెల్విన్ లెక్క తప్పడానికి రేడియోధార్మికతని కారణంగా చెప్పి వదిలేస్తాయి. పెర్రీ చెప్పింది అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

కొండరాయి · సాయంత్రం 5:01

మాస్టారితో ఏకీభవిస్తాను. ఆ కదలికే మన కొండల్ని అంటార్కిటికా నుంచి విడదీసింది. తూర్పు కనుమల రాళ్ళకి జోడీ రాళ్ళు తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి, అదే వంద కోట్ల ఏళ్ళ నాటి వేడి ముద్రతో. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాం. ఇవాళ మన భూభాగం ఏడాదికి అయిదు సెంటీమీటర్ల లెక్కన ఈశాన్యానికి జరుగుతోంది. కోటి ఏళ్ళకి అయిదు వందల కిలోమీటర్లు. ఈ గుణింతం కూడా పిల్లకి ఇవ్వండి.

గుణుపురం గడుగ్గాయి · సాయంత్రం 6:20

సరే, నాదీ ఒక సందేహం, వెటకారం కాదు. బొర్రా గుహల్లో ఒక గైడు అడుగు పొడవున్న రాతి ఊడ చూపించి ఇది పది లక్షల ఏళ్ళన్నాడు. గుప్తేశ్వర్‌లో లింగం ఏటా పెరుగుతుందంటారు. ఏది నమ్మమంటారు?

కొండరాయి · సాయంత్రం 7:15

సున్నపురాయి గుహల్లో ఊడలు పెరగడం నిజం. నీటి చుక్క, సున్నం, గాలిని బట్టి వేగం మారుతుంది. మాటవరసకి ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే మీటరుకి పది వేల ఏళ్ళు, అడుగుకి మూడు వేల ఏళ్ళు. గైడుగారు రెండు సున్నాలకి పైగానే టిప్పుగా వేశారు. లింగం విషయం భక్తులకీ స్వామికీ వదిలేద్దాం.

ఈ ఊడలకి గౌరవం ఎంతో చూడండి. మనం ఇప్పుడున్న కాలఖండం పేరు మేఘాలయన్. 4,200 ఏళ్ళ కిందట మొదలైనట్టు 2018లో నిర్ణయించారు. దానికి హద్దుగా పెట్టుకున్నది మేఘాలయలో మామ్లూ గుహలోని ఒక రాతి ఊడలో, వానలు తగ్గిన ఆనవాలు ఉన్న పొర. మనిషి పేరుతో ఆంత్రోపొసీన్ అనే యుగం పెట్టాలన్న ప్రతిపాదనని 2024 మార్చిలో తిప్పికొట్టారు. దాని మీద ఇంకో చర్చ పెట్టుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు.

పర్లాకిమిడి పంతులు · రాత్రి 7:50

ఒక ప్రశ్న. కోణార్క్ గుడి కూడా ఈ ఖొండలైటేనని విన్నాను. ఏడు వందల యాభై ఏళ్ళకే బొమ్మల ముక్కూ మూతీ పోయాయి. దేవమాలి వంద కోట్ల ఏళ్ళు ఎలా నిలబడింది?

కొండరాయి · రాత్రి 8:25

ఖొండలైటే. పాతిక కిలోమీటర్ల లోతులో తయారైన రాయికి వానా, ఉప్పుగాలీ, ఎండా పడవు. అందులోని ఫెల్డ్‌స్పార్ తెల్ల మట్టిగా మారిపోతుంది, గార్నెట్ తుప్పు పడుతుంది. కోణార్క్‌లో అయిదు సెంటీమీటర్లు పోతే దేవకన్య ముఖం పోతుంది. దేవమాలిలో అంతే పోతే ఎవరికీ తెలీదు. అదీగాక ఆ వంద కోట్ల ఏళ్ళలో చాలా భాగం ఈ రాయి వాన తగలని లోతులోనే ఉంది. వయసున్నది రాయికి, వానలో తడుస్తున్నది మాత్రం ఈ మధ్యనే.

గోపాలపురం గాలి · రాత్రి 9:40

ఇంతమంది పాతిక కిలోమీటర్లు పోయిందంటున్నారు, ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదేం? కొంత మా దగ్గరికి వచ్చింది. గోపాలపురం, ఛత్రపురం తీరంలో అలలు వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లచారలు, గులాబీ చారలు పడతాయి. నల్లది ఎక్కువగా ఇల్మనైటు, గులాబీది గార్నెట్. సిల్లిమనైటు, జిర్కాన్, మోనజైటు కూడా ఉంటాయి, అందుకే ఛత్రపురంలో ఇసుక శుద్ధి చేసే ప్రభుత్వ కర్మాగారం ఉంది. అంటే కొండరాయి గారు సుత్తితో కొట్టి చూపించిన ఖనిజాలే, కొండ కరిగాక ఏళ్ళ తరబడి నదుల్లో దొర్లి మా కాళ్ళ కిందికి వచ్చాయి. బరువైనవి కాబట్టి అల వాటిని వదిలేసి తేలిక ఇసుకని లాక్కుపోతుంది.

సునాబెడ అమ్మ · రాత్రి 10:02

దసరా సెలవుల్లో బరంపురంలో మా పెదనాన్నగారింటికి వెళ్తాం. తీరంలో ఆ ఇసుకని అమ్మాయి అయస్కాంతంతో వేరు చేయగలదా? తన రాయిలోని ఎర్ర చుక్కతో పోల్చి చూడాలంటోంది.

కొండరాయి · రాత్రి 10:30

ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతానికి మాగ్నెటైటు గింజలే అంటుకుంటాయి. పాత స్పీకరులోని గట్టి అయస్కాంతమైతే ఇల్మనైటు కూడా కాస్త వస్తుంది. ముందు దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టమనండి, లేకపోతే గింజలు వదలవు. గార్నెట్ మిగిలిపోతుంది, తెల్ల కాగితం మీద ఆరబోసి పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్సుతో చూస్తే గులాబీ రంగు గాజుముక్కల్లా కనిపిస్తుంది. అంచులు అరిగి ఉంటాయి, పెరటి రాయిలో గార్నెట్ అంచులకీ వీటికీ తేడా అక్కడే. జిర్కాన్ కంటికి ఆనడం కష్టం. చిటికెడు చాలు, సంచులు నింపుకోవద్దు.

రైలుకట్ట, జయపురం · రాత్రి 10:41

లెన్సు నా దగ్గరుంది అమ్మా. పాత గడియారాలు బాగుచేసుకునేది. జయపురం వచ్చినప్పుడు తీసుకెళ్ళండి.